బడికీ వడికీ మధ్య ఒక దరువు

"బడి" అని ఒకసారి పైకి అనండి. ఇప్పుడు "వడి" అనండి. "బ" పలికేటప్పుడు మూసుకున్న పెదవులు టక్కున విడిపోతాయి, శబ్దం ఒక్కసారిగా ఎగుస్తుంది. "వ"కి పెదవులు అంత గట్టిగా మూసుకోవు కాబట్టి శబ్దం కాస్త నిదానంగా పైకి లేస్తుంది. ఈ రెండు లేవడాల మధ్య తేడా సెకనులో కొన్ని వందో వంతులు మాత్రమే. చెవి దాన్ని మనల్ని అడగకుండానే పట్టేస్తుంది.

తెలివితేటలు ఉండి కూడా చదవడం, రాయడం కష్టమయ్యే స్థితిని డిస్లెక్సియా అంటారు. అది ఉన్న పిల్లల్లో చాలామందికి శబ్దం ఇలా లేవడమే స్పష్టంగా అందడం లేదేమోనని ఉషా గోస్వామి అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు 2002లో ప్రతిపాదించారు. ఆ పిల్లలకు మాట వినపడదని కాదు, చెవుడు అసలే కాదు. మాటలు చక్కగా అర్థమవుతాయి, చక్కగా మాట్లాడతారు కూడా. శబ్దం ఎంత వేగంగా లేచిందన్న సూక్ష్మమైన కొలత మాత్రం వాళ్ళకు కొంచెం మసకగా చేరుతుంది. ఆ మసక మామూలు మాటల్లో ఇబ్బంది పెట్టకపోవచ్చు. కానీ మాటను ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కో గుర్తుతో జత చేయమన్నప్పుడు, అంటే చదవమన్నప్పుడు, అక్కడే పిల్లవాడు ఆగిపోతాడు.

చాలాకాలం పాటు అందరూ లోపం కంటిలో ఉందనుకున్నారు. 1896లో ఇంగ్లండ్ వైద్యుడు ప్రింగిల్ మోర్గన్ ఒక పద్నాలుగేళ్ళ అబ్బాయి గురించి వైద్య పత్రికలో రాశాడు. తెలివైనవాడు, ఆటల్లో తోటివారికి ఏమాత్రం తీసిపోడు, చదవడం మాత్రం రాదు. పాఠాలన్నీ నోటితోనే చెబితే బడి మొత్తంలో వీడే చురుకైనవాడు అవుతాడని వాళ్ళ మాస్టారు అన్నాడట. ఆ మాట చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. అంతటి పిల్లవాడి కష్టానికి అప్పట్లో పెట్టిన పేరు "పుట్టుకతో వచ్చిన పద అంధత్వం". ఇప్పటికీ అక్షరాలు తిరగేసి కనబడటమే డిస్లెక్సియా అనుకునేవాళ్ళు చాలామంది. "బద్ధకం", "శ్రద్ధ లేదు" అని తిట్టేవాళ్ళు అంతకన్నా ఎక్కువ.

దృష్టి చెవి వైపు మళ్ళడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1983లో బ్రాడ్లీ, బ్రయంట్ అనే ఇద్దరు పరిశోధకులు నాలుగైదేళ్ళ పిల్లలకు కొన్ని మాటలు వినిపించి, వాటిలో ధ్వని కలవని మాట ఏదో చెప్పమన్నారు. ఆ వయసులో అది బాగా చెప్పగలిగినవాళ్ళు తర్వాత చదవడంలో, స్పెల్లింగ్‌లో ముందున్నారు. ఒక్క అక్షరం కూడా రాకముందే, ప్రాస పట్టే చెవి చదువు గురించి ఏదో చెబుతోందన్నమాట.

మరి ఇందులోకి లయ ఎలా వచ్చింది? మాట ఒకే ధారగా సాగే శబ్దం కాదు. అది అలలు అలలుగా వస్తుంది. ఏ భాష తీసుకున్నా ఈ హెచ్చుతగ్గులు సెకనుకు ఇంచుమించు ఐదుసార్లు ఉంటాయి, సంగీతంలో సుమారు రెండుసార్లు. వింటున్న మెదడులో కూడా విద్యుత్ తరంగాలు నడుస్తుంటాయి. శబ్దం లేచిన ప్రతిసారీ ఆ తరంగాలు తమ అడుగును సరిచూసుకుని మాటతో కలిసి నడుస్తాయి. పక్కవాళ్ళతో కలిసి నడిచేటప్పుడు మనకు తెలియకుండానే అడుగు కలిపేస్తాం కదా, అలాంటిదే. శబ్దం లేచిన క్షణం మసకగా అందితే ఆ అడుగు తప్పుతుంది. అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో సరిహద్దు చెదురుతుంది. గోస్వామి 2011లో విడమరిచిన సిద్ధాంతం సారాంశం ఇదే.

ఇది నిజమైతే ఆ తడబాటు ఒక్క మాటలోనే కాదు, తాళంలోనూ కనబడాలి. అలాగే కనబడింది. సమానమైన వేగంతో చప్పుడు చేస్తూ లయను చూపే మెట్రోనోమ్ అనే పరికరం టిక్కుమంటుంటే దానికి తగ్గట్టు వేలితో బల్ల మీద తట్టమంటారు. సెకనుకు రెండు టిక్కులు, అంతే, చూడటానికి చాలా తేలిక. ఇక్కడ గమనించాల్సిన వింత ఒకటుంది. మనం టిక్కు విన్నాక తట్టం. రాబోయే టిక్కును ముందే ఊహించి, తరచూ దానికన్నా రవ్వంత ముందే వేలు దించుతాం. అంటే తాళం వేయడమంటే తర్వాతి క్షణం ఎప్పుడొస్తుందో తెలిసి ఉండటం. డిస్లెక్సియా ఉన్న పిల్లల్లో కొందరి వేలు ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి పడుతుంది. నిలకడ ఉండదు. ఇంకో పరీక్షలో చిన్న చిన్న స్వరమాలికలను జంటగా వినిపించారు. కొన్ని జంటల్లో ఒక్క స్వరాన్ని మాత్రం సెకనులో పదోవంతో, అంతకు కాస్త ఎక్కువో సాగదీశారు. రెండూ ఒకటేనా, వేరా అన్నది ప్రశ్న. ఈ పరీక్షలో తడబడిన పిల్లలు చదవడంలోనూ వెనకబడి ఉన్నారు.

తెలుగులో ఈ సంగతి ఇంకా దగ్గరగా తోస్తుంది నాకు. "కల"కూ "కాల"కూ మధ్య ఉన్నది కాలమే. "గడి"కీ "గడ్డి"కీ మధ్య ఉన్నదీ కాలమే, నాలుక ఎంతసేపు ఆగిందన్నదే. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలని ఛందస్సులో లెక్కపెట్టేది కూడా దీన్నే. నిడివిని పట్టుకోవడంలో చెవి తడబడితే, దీర్ఘం ఎక్కడ పెట్టాలో, ఒత్తు ఎక్కడ ఇవ్వాలో పిల్లలకు కష్టం కావడంలో ఆశ్చర్యమేముంది? పదిసార్లు రాయిస్తే ఆ కష్టం పోదు. ముందు ఆ తేడాను చెవికి, చేతికి తెలియజేయాలి.

ఇక అందరూ అడిగే ప్రశ్న. తాళం నేర్పితే చదువు వస్తుందా?

కేటీ ఓవరీ అనే పరిశోధకురాలు 2003లో ప్రచురించిన పరిశోధనలో డిస్లెక్సియా ఉన్న పిల్లలకు కొన్ని వారాల పాటు సంగీత ఆటలు నేర్పారు. ధ్వనులను గుర్తించడం, స్పెల్లింగ్ మెరుగయ్యాయి. చదవడం మాత్రం పెద్దగా కదల్లేదు. 2012లో, వైద్య పరిశోధనలను జల్లెడపట్టి సమీక్షించే కాక్రేన్ సంస్థ తరఫున ఈ అంశం మీద పరిశోధనలన్నీ వెతికినవారికి తమ ప్రమాణాలకు సరితూగేది ఒక్కటీ దొరకలేదు. ఆ తర్వాత 2015లో ఇటలీ నుంచి ఒక మంచి ప్రయోగం వచ్చింది. డిస్లెక్సియా ఉన్న పిల్లలను లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేసి, ఒక జట్టుకు లయ ప్రధానంగా సంగీతం, ఇంకో జట్టుకు చిత్రలేఖనం నేర్పారు. రెండో జట్టుకు కూడా ఏదో ఒకటి నేర్పడం ఇందులో కీలకం. లేకపోతే వచ్చిన మార్పు సంగీతం వల్లనో, ఎవరో శ్రద్ధగా పక్కన కూర్చున్నందువల్లనో తేల్చలేం. చివరికి సంగీతం నేర్చుకున్న జట్టు ధ్వనుల ఎరుకలోనూ, చదవడంలోనూ ముందుకెళ్ళింది.

నాకిది నిజంగా సంతోషం కలిగించిన ఫలితం. అయినా పాల్గొన్న పిల్లలు యాభైమంది కూడా లేరు. లయ లోపమే డిస్లెక్సియాకు కారణమని ఇంకా రుజువు కాలేదు. తాళం చక్కగా వేస్తూ కూడా చదవలేని పిల్లలు ఉన్నారు. డిస్లెక్సియా ఉండి సంగీత విద్వాంసులైనవాళ్ళూ ఉన్నారు. కాబట్టి అక్షరానికీ ధ్వనికీ ముడివేసి, ఓపికగా, వరుసగా నేర్పే పద్ధతిని పక్కనపెట్టి తబలా క్లాసులో చేర్పిస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ ముడి వేసే పనిలో లయ తోడుగా ఉండాలి. మాటను అక్షరానికో చప్పట్టు చొప్పున విడగొట్టడం, దీర్ఘం వచ్చినచోట చేతిని ఇంకాసేపు నిలపడం, ఆ వెంటనే అదే మాటను కాగితం మీద చూపించడం, ఇలా. చప్పట్లు ఒకపూట, అక్షరాలు ఇంకోపూట అయితే రెండూ కలవవు. ఇంకో మాట. చప్పట్టు తప్పినప్పుడు నవ్వకండి. తరగతిలో చదవమన్న ప్రతిసారీ ఆ పిల్లలు పడే టెన్షన్ చాలు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం వైద్యం గురించినది కాదు, వయసు గురించినది. అమెరికాలో, మెదడు శబ్దాన్ని ఎలా గ్రహిస్తుందో పరిశోధించే నీనా క్రాస్ ప్రయోగశాలలో మూడు, నాలుగేళ్ళ పిల్లల ముందు పెద్దవాళ్ళు ఒక డ్రమ్ము వాయించారు. పిల్లలు తమ డ్రమ్ము మీద దరువు కలపాలి. 2014లో వచ్చిన ఈ పరిశోధనలో, దరువు కలిపిన పిల్లల మెదడు మాటలోని ధ్వనులను ఎక్కువ కచ్చితంగా నమోదు చేసింది. చదువుకు పునాది అనుకునే నైపుణ్యాల్లోనూ వాళ్ళు ముందున్నారు. నార్వేలో బడిలో చేరిన కొత్తలోనే పిల్లలతో తాళం వేయించి చూస్తే, ఏడాది చివర చదవడంలో, రాయడంలో ఎవరికి ఇబ్బంది రావచ్చో కొంత సూచన దొరికింది. ఒక్క దరువుతో ఏ పిల్లవాడి మీదా ముద్ర వేయకూడదు. కానీ ఇప్పుడు చాలామంది పిల్లలకు డిస్లెక్సియా ఉందని తెలిసేది చదవలేక రెండుమూడేళ్ళు మాటలు పడ్డాకే. డ్రమ్ము కొట్టడానికి అక్షరాలు రానక్కర్లేదు. మూడేళ్ళ పాప రెండు చేతులూ ఎత్తి దరువు కోసం ఎదురుచూస్తున్నప్పుడు, ఆమె మొదటి వాచకం తెరవడానికి ఇంకా రెండుమూడేళ్ళు ఉంటాయి.