పెళ్లి బుట్ట బడి ఫీజు కట్టిన వైనం

రువాండాలో పెళ్లిళ్లకు కానుకలు పెట్టి పంపే మూత బుట్ట పేరు అగసేకె. కోసుగా పైకి లేచే మూత దాని ఆనవాలు. ఆ దేశ అధికార చిహ్నంలోనూ ఈ బుట్ట ఉంది. ఇంటి ఆడవాళ్లు అల్లి ఇచ్చిపుచ్చుకునే ఈ బుట్ట, పిల్లల చదువుకు ఆధారమైంది 1994 తర్వాతే.

ఆ ఏడాది ఏప్రిల్ నుంచి జులై దాకా, దాదాపు వంద రోజుల్లో సుమారు 8 లక్షల మందిని చంపేశారు. చనిపోయినవారిలో అత్యధికులు టుట్సీ తెగవాళ్లు, చంపించింది హుటూ తెగలోని తీవ్రవాదులు. ఎన్నో ఇళ్లలో మిగిలింది వితంతువులు, వాళ్ల పిల్లలు, వాళ్లు చేరదీసిన అనాథలు. పోనీ భర్త పొలమైనా దక్కిందా అంటే, ఆడవాళ్లకు ఆస్తిలో సమాన హక్కునిచ్చే వారసత్వ చట్టం 1999లో గానీ రాలేదు.

చేతిలో ఉన్నదల్లా అల్లిక పని. గడ్డిపోచల కట్టను చుట్టలుగా తిప్పుకుంటూ, రంగు వేసిన కిత్తనార పోగుతో దబ్బనం పెట్టి బిగించి కుట్టుకుంటూ పోవాలి. కుట్టు ఎక్కడ వదులైనా బుట్ట ఒక పక్కకు ఒరుగుతుంది. ఒక్క బుట్టకు రోజులు పడతాయి.

రాజధాని కిగాలీలో హోటల్ నడిపిన జానెట్ న్కుబానా, ఆమె అక్కచెల్లెళ్లలో ఒకరైన జాయ్ న్డుంగుట్సె కలిసి ఈ అల్లికకు మార్కెట్ వెతికారు. వాళ్ల సంస్థ గహాయా లింక్స్. ఆఫ్రికా సరుకును సుంకం లేకుండా రానిచ్చే అమెరికా చట్టం 2000లోనే వచ్చింది. 2005 నుంచి అమెరికాలోని మేసీస్ దుకాణాలు ఈ బుట్టలను అమ్మడం మొదలుపెట్టాయి. హుటూ, టుట్సీ ఆడవాళ్లు పక్కపక్కన కూర్చుని అల్లేవారు కాబట్టి ‘శాంతి బుట్ట’ అన్న పేరొచ్చింది. నిజం చెప్పాలంటే, అక్కడ అల్లిక కన్నా ఈ కథే ఎక్కువ అమ్ముడుపోయిందేమో. అల్లేవాళ్ల అవసరం మాత్రం ఇంకా సాదా సీదాది: బడి ఖర్చు.

ప్రాథమిక విద్యకు 2003లో ఫీజు ఎత్తేశారు. అయినా యూనిఫాం, నోటు పుస్తకాలు తల్లి కొనాల్సిందే. ఆరో తరగతి దాటితే మళ్లీ ఫీజే. ఉచిత చదువును 2009లో తొమ్మిదేళ్లకు, 2012లో పన్నెండేళ్లకు పెంచేదాకా హైస్కూలు మెట్టు దగ్గరే పేద పిల్లలు ఆగిపోయేవారు. మనం చీటీలు కట్టుకున్నట్టే అక్కడ ‘ఇకిమినా’ అనే పొదుపు బృందాలుంటాయి. బుట్టల డబ్బు ఎప్పుడొస్తుందో తెలియదు, ఫీజు గడువు మాత్రం టర్ముకోసారి తప్పదు. ఆ రెంటికీ మధ్య ఇలాంటి పొదుపే ఆసరా.

ఈ ఏర్పాటులో బలహీనతా ఉంది. సముద్రం అవతలి దుకాణం ఆర్డరు తగ్గిస్తే, ఆ దెబ్బ కొండ మీది పల్లెలో పిల్ల చదువుకు తగులుతుంది. ఉచితమన్న చదువులోనూ మధ్యాహ్న భోజనానికి తల్లిదండ్రుల వాటా ఇప్పటికీ కట్టాల్సిందే. హాస్టల్లో ఉండి చదివే హైస్కూలు పిల్లలకైతే ఖర్చు అంతకు ఎన్నో రెట్లు.