షాంఘైలో 75 పాయింట్లు

చిన్నూకి, స్వాతికి, వాళ్ల భుజాల మీంచి తొంగిచూస్తూ చదివే మిగతా పిల్లలకి,

మొన్న ఫోన్లో చిన్నూ ఒక మాట అన్నాడు. "ఎన్‌బీఏలో ఆడకపోతే ఇంక ఎంత ఆడితే ఏం లాభం తాతయ్యా?" అని. ఎన్‌బీఏ అంటే అమెరికాలోని పెద్ద బాస్కెట్‌బాల్ లీగు. నాకు వెంటనే జవాబు తట్టలేదు. ముప్పయ్యేళ్లు డ్రిల్లు మాస్టారుగా చేసినవాణ్ని. విజిల్ ఊదడం వచ్చినంత బాగా మాట్లాడడం రాదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

జిమ్మర్ ఫ్రెడెట్ అని ఒక అమెరికన్ బాస్కెట్‌బాల్ ఆటగాడున్నాడు. అసలు పేరు జేమ్స్. జిమ్మర్ అనేది వాళ్లమ్మ పెట్టిన ముద్దుపేరు. ప్రపంచమంతా అతన్ని ఆ పేరుతోనే పిలిచింది. కాబట్టి చిన్నూ, స్కూల్లో నీ పేరు చూసి నవ్వేవాళ్ల గురించి పెద్దగా పట్టించుకోకు.

1989లో పుట్టాడు. న్యూయార్క్ అనగానే మీకు ఆకాశాన్నంటే మేడలు గుర్తొస్తాయి. వీళ్లది అదే రాష్ట్రంలో, ఆ మహానగరానికి చాలా ఉత్తరాన, హడ్సన్ నది ఒడ్డున ఉన్న గ్లెన్స్ ఫాల్స్ అనే చిన్న ఊరు. అన్న టీజే వయసులో బాగా పెద్దవాడు. తమ్ముడికి మొదటి కోచ్ అతనే అనుకోవచ్చు. వాళ్లు వెళ్లే చర్చిలో ఒక ఇరుకైన వరండా ఉండేది. అందులో దీపాలన్నీ ఆర్పేసి, తమ్ముడి చేతులకు గ్లోవ్స్ తొడిగి, ఆ చివర నుంచి ఈ చివరకు బంతి కొడుతూ రమ్మనేవాడట. మధ్యలో తలుపు చాటు నుంచి తనే మీదికి దూకేవాడు. బంతి కనపడదు, చేతికి సరిగ్గా తగలదు, ఎవడు ఎప్పుడు మీద పడతాడో తెలియదు. అలా నేర్చుకున్నవాడికి వెలుతురులో, ఉత్త చేతులతో ఆడడం ఎంతసేపు?

ఇంటికి దగ్గర్లోని జైలుకు తీసుకెళ్లి ఖైదీలతో కూడా ఆడించాడు. హైస్కూలు కుర్రాడు, చుట్టూ కండలు తిరిగిన పెద్దవాళ్లు, అరుపులు. నేనైతే మా స్కూలు పిల్లల్ని అలా తీసుకెళ్లేవాణ్ని కాదు, మీ అమ్మమ్మ నన్ను ఇంట్లోకి రానిచ్చేది కాదు. కానీ ఆ కుర్రాడికి జనం అరుపులంటే భయం పోయింది.

2007 జనవరిలో అన్న ఒక ఒప్పందం రాసి తమ్ముడి చేత సంతకం పెట్టించాడు. ఎన్‌బీఏలో ఆడడానికి ఎంత కష్టమైనా పడతాను, ఏం వదులుకోవాలో అవి వదులుకుంటాను అని దాని సారాంశం. ఆ కాగితం జిమ్మర్ గది గోడ మీద ఉండేది. అందులో షాంఘై మాట లేదు. అది గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

స్వాతికి ఆట తెలియదు కాబట్టి ఒక్క ముక్క. గార్డు అనగానే కాపలావాడు అనుకునేవు. కోర్టులో ఐదుగురిలో సాధారణంగా పొట్టివాళ్లు ఇద్దరు గార్డులు. బంతిని ఇవతలి నుంచి అవతలికి తీసుకెళ్లడం, ఎవరు ఎక్కడ నిలబడాలో చూడడం, దూరం నుంచి మూడు పాయింట్ల షాట్లు వేయడం వాళ్ల పని. జిమ్మర్ ఆరడుగుల రెండంగుళాలు. మన వీధిలో అంత ఎత్తున్నవాణ్ని తలెత్తి చూస్తాం. అక్కడ మాత్రం పొట్టివాళ్ల లెక్కే.

హైస్కూల్లో 2,404 పాయింట్లు కొట్టినా, పేరున్న పెద్ద కాలేజీలేవీ అతని కోసం ఎగబడలేదు. యూటాలో, అక్క చదివిన బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలో చేరాడు. మొదటి ఏడాది ఎక్కువగా బెంచీ మీదే, మ్యాచ్‌కు సగటున 7 పాయింట్లు. తర్వాత 16, ఆ తర్వాత 22, నాలుగో ఏడాది 28.9. ఆ ఏడాది అమెరికా కాలేజీ ఆటగాళ్లందరిలో అదే ఎక్కువ. అర్ధరాత్రి దాకా జనం అతని మ్యాచ్‌లు చూసేవారు. 2011లో ఉత్తమ కాలేజీ ఆటగాడి అవార్డులన్నీ అతనికే వచ్చాయి.

ఇక ఎన్‌బీఏ. 30 జట్లు, జట్టుకు 15 మంది, మొత్తం 450 పూర్తిస్థాయి ఉద్యోగాలు. మన ఐఐటీ సీట్లు ఇంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఏటా డ్రాఫ్ట్ అని ఒకటి జరుగుతుంది. జట్లు వంతులవారీగా కొత్తవాళ్లను ఎంచుకుంటాయి, మామూలుగా 60 పేర్లు. 2011లో జిమ్మర్ పదో పేరు. మిల్వాకీ జట్టు అతన్ని ఎంచుకుని శాక్రమెంటోకు ఇచ్చేసింది. పదకొండో పేరు క్లే థాంప్సన్, పదిహేనో పేరు క్వాయ్ లెనర్డ్. వాళ్లిద్దరూ తర్వాత ఎంతటివాళ్లయ్యారో చిన్నూకి నేను చెప్పక్కర్లేదు. ఆఖరున అరవయ్యో పేరు ఐజయా థామస్, ఎత్తు ఐదడుగుల తొమ్మిదంగుళాలు. అతన్ని తీసుకుంది కూడా శాక్రమెంటోనే. కొన్నాళ్లకు పదోవాడు బెంచీ మీద, అరవయ్యోవాడు కోర్టులో.

ఎందుకలా? ఆ ఏడాది యజమానులకు, ఆటగాళ్లకు గొడవై సీజన్ క్రిస్మస్ రోజున మొదలైంది. కొత్తవాళ్లకు సరైన శిక్షణే దొరకలేదు. మూడేళ్లలో ముగ్గురు కోచ్‌లు మారారు. ఇవన్నీ నిజమే. కానీ నా లెక్క ప్రకారం అసలు సంగతి వేరు. కాలేజీలో బంతి ఎప్పుడూ అతని చేతిలోనే ఉండేది. ఇక్కడ బంతి ఇంకొకరి దగ్గర ఉంటుంది, నువ్వు మూల నిలబడి నీ దాకా వస్తుందేమో అని చూడాలి. పైగా అతని కాళ్లు కొంచెం నెమ్మది. ఎదుటివాణ్ని ఆపడం కష్టమైంది. 2014లో శాక్రమెంటో వదిలేసింది. తర్వాత షికాగో, న్యూ ఓర్లియన్స్, ఆపైన ఎన్‌బీఏకు కింద ఉండే చిన్న లీగు. అక్కడి ఆల్‌స్టార్ మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు, అయినా ఎన్‌బీఏ నుంచి పిలుపు పది రోజుల కాంట్రాక్టుకే వచ్చింది.

2016లో, 27 ఏళ్ల వయసులో, చైనా వెళ్లాడు. షాంఘై షార్క్స్ జట్టు. దాని యజమాని అప్పుడు యావో మింగ్, చైనా నుంచి వచ్చి ఎన్‌బీఏలో ఆడిన, ఏడడుగుల ఆరంగుళాల ఆ మహానుభావుడే.

ఇక్కడ జాగ్రత్తగా చదవండి. అప్పట్లో చైనాలో జట్టుకు ఒకరిద్దరు విదేశీయులకే చోటుండేది. అంటే వాళ్లు మూల నిలబడడానికి రాలేదు. బంతి నీదే, పాయింట్లు నువ్వే తేవాలి, తేకపోతే నెలలోపే ఇంటికి టికెట్ తీస్తారు. జిమ్మర్‌కు వచ్చిన పని సరిగ్గా అదే! ఆ మొదటి సీజన్లోనే మ్యాచ్‌కు సగటున 37కు పైగా కొట్టాడు. అక్కడి అభిమానులు "జీమో దాషెన్" అని పేరు పెట్టారు. ఏకాకి దేవుడు అని చెప్పుకోవచ్చు. జిమ్మర్ అనే పలుకుకు దగ్గరగా ఉంటుందని ఆ మాట ఎంచుకున్నారు.

2018 నవంబరులో ఒక రాత్రి ఆడిన మ్యాచ్ చెబుతాను. బీజింగ్ జట్టుతో. ఆఖరి క్వార్టర్‌కు ముందు జిమ్మర్ ఖాతాలో 35. ఆ చివరి 12 నిమిషాల్లో ఇంకో 40 కొట్టాడు. మొత్తం 75. ఒకడు మీద పడి చెయ్యి అడ్డం పెడుతున్నా వెనక్కి ఒరుగుతూ దూరం నుంచే వేసేవాడు. అయినా షాంఘై 137-136తో ఓడిపోయింది. ఒక్క పాయింటు! ఆ వీడియో మీ నాన్నకు పంపాను, చూడండి.

బయటి దేశంలో ఆడడమంటే ఇంకా చాలా ఉంది. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి మారాలంటే పాత దేశపు బాస్కెట్‌బాల్ సమాఖ్య అభ్యంతరం లేదని పత్రం ఇవ్వాలి. కోచ్ మాట దుబాసీ చెబితే తప్ప అర్థం కాదు. కొన్ని లీగుల్లో క్లబ్బులు జీతం ఎగ్గొడతాయి. ఇలాంటి తగాదాలు తీర్చడానికే 2007లో ఫిబా అనే ప్రపంచ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఒక ప్రత్యేక ట్రిబ్యునల్ పెట్టిందంటే ఎన్ని గొడవలో ఊహించుకోండి. మన వైపు దుబాయ్ వెళ్లినవాళ్ల ఇళ్లు మీకు తెలుసు కదా, పండగ పూట ఒక మనిషి ఫోన్లోనే ఉంటాడు. జీతంలో పోలిక లేదనుకోండి, పండగ సంగతి మాత్రం అంతే.

హైస్కూలు నుంచి నేరుగా బయటి దేశం వెళ్లినవాడూ ఉన్నాడు. బ్రాండన్ జెన్నింగ్స్ 2008లో కాలేజీకి పోకుండా ఇటలీలో రోమ్ జట్టులో చేరాడు. అక్కడ చాలాసేపు బెంచీయే. మరుసటి ఏడాది ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో అతనిదీ పదో పేరే, తీసుకుందీ మిల్వాకీయే. సీజన్ మొదలైన కొన్ని వారాలకే ఒక మ్యాచ్‌లో 55 కొట్టాడు. ఒకే దారిలో ఇద్దరు ఎదురెదురుగా నడిచినట్టుంది.

2019 మార్చిలో జిమ్మర్‌ను ఫీనిక్స్ జట్టు మళ్లీ ఎన్‌బీఏకు పిలిచింది. ఆ జట్టు యూటా వెళ్లి ఆడింది. అతను చదువుకున్న రాష్ట్రం కదా, ఎదుటి జట్టువాడైనా జనం అతన్ని కోర్టులోకి దింపమని పేరు పెట్టి అరిచారు. దిగాడు. షాట్లు పడలేదు. ఆరు మ్యాచ్‌లతో ఆ ముచ్చట తీరిపోయింది. తర్వాత ఏథెన్స్‌లో పనతినైకోస్ జట్టుకు ఆడాడు, మళ్లీ షాంఘై వెళ్లాడు. ఆపైన సగం కోర్టులో ముగ్గురేసి ఆడే ఆటకు మారి, 2023లో వియన్నాలో ప్రపంచ కప్ రజతం గెలిచిన అమెరికా జట్టులో ఉన్నాడు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రెండో మ్యాచ్‌లోనే కాలికి దెబ్బ తగిలి కూర్చున్నాడు. 2025లో రిటైరయ్యాడు.

చిన్నూ, గోడ మీది కాగితంలో షాంఘై లేదన్నాను కదా. నువ్వు నన్ను అడిగిన ప్రశ్న ఆ కాగితాన్ని అడుగు. ఆ 75 పాయింట్ల వీడియో చూశాకే అడుగు.

సంక్రాంతికి వస్తున్నాను. బంతిలో గాలి తగ్గితే కొట్టించి ఉంచండి. బీరువాలో నా పాత ఉన్ని గ్లోవ్స్ దొరికాయి, కాస్త నాఫ్తలీన్ వాసన వస్తున్నాయి, అయినా తెస్తాను. రాత్రి భోజనాలయ్యాక మీ ఇంటి పక్క సందులో లైటు ఆర్పేద్దాం. తలుపు చాటున నేను నిలబడతాను. మోకాళ్ల నొప్పి ఉంది కాబట్టి దూకడం మాత్రం స్వాతి వంతు.

మీ
తాతయ్య