సండే స్కూల్ అయిపోయాక

"చిన్నప్పుడు బాగానే వచ్చేవాడండీ, ఇంజినీరింగ్‌లో చేరాకే చర్చికి రావడం మానేశాడు." హైదరాబాద్ సంఘాల్లో తల్లులు తరచూ చెప్పుకునే మాట ఇది. తప్పు ఫోన్ మీదో స్నేహితుల మీదో పడుతుంది. నిజానికి ఈ సమస్య ఫోన్ల కంటే చాలా పాతది.

సండే స్కూల్ మొదలైందే చిన్నపిల్లల కోసం. 1780లో ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్ దాన్ని నడిపింది, వారమంతా పనికెళ్లే పేదపిల్లలకు ఆదివారం చదవడం నేర్పడానికి. బైబిలే వాచకం. మన దగ్గర అక్షరాల పని బడి తీసుకుంది. ఆదివారానికి కథలు, పాటలు, కంఠత వాక్యాలు మిగిలాయి. ఎనిమిదేళ్లవాడికి దావీదు, గొల్యాతు కథ చాలు. మొదటి జీతం, క్రెడిట్ కార్డు అప్పు, కులం అడ్డొచ్చిన ప్రేమ... వీటికి పాఠం ఎవరూ రాయలేదు.

పిల్లలకు విశ్వాసం నేర్పే ఇంకో దారి మిషన్ బడి. సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్ 1834 నాటిది, ఆల్ సెయింట్స్ 1855 నాటిది, రోజరీ కాన్వెంట్ 1904 నాటిది. నిజాం ఏలుబడిలో పుట్టిన ఈ బళ్లకు 1950లో రాజ్యాంగం వచ్చింది. ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న సంస్థలో ఇష్టం లేనివాళ్లను మతబోధనకు కూర్చోబెట్టకూడదంటుంది 28వ అధికరణం. మైనర్ అయితే సంరక్షకుల సమ్మతి కావాలి. అందుకే చాలా కాన్వెంట్లలో ఒకే పీరియడ్‌కి కేథలిక్ పిల్లలు కేటకిజంకి (తమ మతబోధన క్లాసుకి), మిగతావాళ్లు మోరల్ సైన్స్‌కి వెళ్లేవారు. అబద్ధమాడకూడదని రెండు గదుల్లోనూ చెప్పేవారు. ఎందుకు ఆడకూడదన్న దగ్గరే దారులు వేరు. మతాల గురించి తెలియజెప్పడం వేరు, మతబోధన వేరని దేశ విద్యావిధానాన్ని పరిశీలించిన కొఠారి కమిషన్ 1966లోనే అంది. 2002లో సుప్రీంకోర్టూ ఆ తేడాను ఒప్పుకుంది. బళ్లలో మాత్రం పెద్దగా మారిందేమీ లేదు.

18 నిండితే చట్టం ప్రకారం సమ్మతి ఎవరిది వాళ్లే ఇచ్చుకోవాలి. తీరా ఆ వయసుకొచ్చేసరికి సంఘంలో క్లాసే ఉండదు. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) చర్చిల్లో కన్ఫర్మేషన్, అంటే చిన్నప్పుడు బాప్తిస్మం పొందినవాళ్లు తమ విశ్వాసాన్ని తామే ఒప్పుకునే ఆచారం, సాధారణంగా పదిహేనేళ్లు అటూ ఇటూగా అయిపోతుంది. ఆ తర్వాత ఉండేది యవనస్తుల కూడిక: గిటారు, కీబోర్డు, డిసెంబరులో స్కిట్ రిహార్సల్. పాటలు బాగానే పాడతారు, ఆ మాట ఒప్పుకోవాలి. ప్రశ్న అడిగితే మాత్రం "ప్రార్థన చేసుకో బాబూ" అంటారు. 1954లో మొదలైన యూఈఎస్ఐ (యూనియన్ ఆఫ్ ఎవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా) లాంటి విద్యార్థి సహవాసాలు కాలేజీల్లో చిన్న గుంపులుగా కూర్చుని వాక్యం చదివే అలవాటు నిలబెట్టాయి. అక్కడ వాదించొచ్చు. చదువైపోయి హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చాక అదీ పోతుంది.

కొన్ని సంఘాలు ఇప్పుడు పెళ్లికి ముందు కౌన్సెలింగ్ పెడుతున్నాయి. కన్ఫర్మేషన్ తర్వాత చాలామంది మళ్లీ పాస్టర్ గారి ఎదుట కూర్చునేది అప్పుడే. అదీ ఫంక్షన్ హాల్ బుక్ అయ్యాక.