పాతరలో దాచిన లెక్కలు

కర్నూలు

చిరంజీవులైన పిల్లలకు తాత ఆశీస్సులు.

మొన్న ఆదివారం మీలో పెద్దది ఫోను చేసింది. ఉద్యోగంలో చేరి ఇంకా రెండు నెలలు కాలేదు. ఆఫీసులో తనకు అప్పగించిన మొదటి పని పాత డేటాను ఆర్కైవ్‌కు, అంటే చాలాకాలం దాచిపెట్టే నిల్వకు, పంపడమట. “ఏళ్ల తరబడి ఎవరూ తెరిచి చూడని ఫైళ్లు తాతా, చెరిపేస్తే పోలేదా?” అని అడిగింది. అప్పటికి రెండు మాటలు చెప్పి ఫోను పెట్టేశాను గానీ మనసు ఒప్పుకోలేదు. ఈ ఊళ్లో ఒక వ్యాపార సంస్థ లెక్కల విభాగంలో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. అందులో సగం కాలం కంప్యూటర్ గదిలోనే గడిచింది. అందుకే ఈ ఉత్తరం మీ అందరికీ రాస్తున్నాను. చిన్నవాడికి అర్థం కాని చోట అక్క చదివి చెప్పాలి.

ముందు మీరు చూడని వస్తువు ఒకటి చెబుతాను. నా చిన్నతనంలో మా ఊళ్లో జొన్నలను పాతరలో దాచేవారు. మెట్ట మీద లోతుగా గొయ్యి తవ్వి, అడుగునా చుట్టూ ఎండుగడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన మళ్లీ గడ్డి కప్పి, బండ మూసి మట్టితో మెత్తేవారు. రోజూ వండుకునే జొన్నలు వంటింటి డబ్బాలో ఉండేవి. నెలకు సరిపడా గింజలు వసారాలోని గాదెలో ఉండేవి. పాతర మాత్రం కరువు వచ్చినప్పుడో, పెళ్లి కుదిరినప్పుడో తెరిచేవారు. అదీ అంత తేలిక కాదు. మట్టి పగలగొట్టి, బండ జరిపి, లోపలి చెడుగాలి పోయేదాకా ఆగాలి. తర్వాత తాడు కట్టి దీపం దింపేవారు. దీపం ఆరిపోతే ఎవరినీ దిగనిచ్చేవారు కాదు. సగం రోజు పని అది. శేరు జొన్నల కోసం ఎవరూ పాతర తెరవరు. అలాగని అందులో ఉన్నవి పనికిరాని జొన్నలని ఎవరూ అనుకోలేదు.

మీ ఆఫీసులో ఈ నెల బిల్లులు, జీతాలు, గోదాములో సరుకు లెక్క ఎస్‌ఎస్‌డీలనే వేగమైన నిల్వ పరికరాల మీద ఉంటాయి. అది వంటింటి డబ్బా. చేయి చాపగానే అందుతుంది, ఖరీదు ఎక్కువ. నిరుటివి, అటు ముందటివి హార్డ్ డిస్కుల మీదికి దిగుతాయి. అవి కాస్త నిదానం, కాస్త చవక. ఇంకా కింది మెట్టు టేపు. టేపు అనగానే మీకు పాత పాటల క్యాసెట్లు గుర్తొచ్చి, దానికి కాలం చెల్లిందనుకుంటారు. అది పొరపాటు. కంప్యూటర్ డేటా దాచే టేపుల్లో ఎల్‌టీఓ అనేది ఒక రకం. 2021లో వచ్చిన దాని తొమ్మిదో తరం టేపు అరచేతిలో పట్టేంత పెట్టె. అందులో అరంగుళం వెడల్పున, కిలోమీటరుకు పైగా పొడవున టేపు చుట్టి ఉంటుంది. 18 టెరాబైట్లు పడుతుంది. బీరువాలో ఉన్నంత కాలం దానికి కరెంటు అక్కర్లేదు. కాకపోతే ఒక ఫైలు కావాలంటే టేపును తెచ్చి, దాన్ని చదివే డ్రైవులో పెట్టి, ఆ చోటు వచ్చేదాకా తిప్పాలి.

క్లౌడ్‌లోనూ, అంటే ఇంటర్నెట్ మీద అద్దెకు తీసుకునే వేరే సంస్థల కంప్యూటర్లలోనూ, ఇవే మెట్లు. అమెజాన్ 2012లో గ్లేసియర్ అనే నిల్వను మొదలుపెట్టింది. ఇప్పుడు వాళ్ల దగ్గర అన్నిటికంటే అడుగున ఉన్న డీప్ ఆర్కైవ్‌లో పెట్టిన ఫైలును అడిగితే, మామూలు పద్ధతిలో అది అందడానికి 12 గంటల దాకా పడుతుంది. 180 రోజులలోపు తీసేసినా ఆ 180 రోజుల అద్దె కట్టవలసిందే. బయటికి తెచ్చుకుంటే దానికి వేరే రుసుము. పాతర తెరవడానికి అయ్యే ఖర్చు ఎప్పుడూ ఉంది.

ఇక ఏది కిందికి దిగాలన్నది అసలు ప్రశ్న. చాలాచోట్ల యంత్రానికి ఒకే నియమం చెప్పి వదిలేస్తారు: తొంభై రోజులు ఎవరూ ముట్టని ఫైలును కిందికి దించెయ్యి అని. మా సంస్థ వేరుశనగ కొనేది. ఖరీఫ్ కాయలు అక్టోబరు, నవంబరులలో మార్కెట్‌కు వస్తాయి. ఏ ఊరి కాయలో తేమ ఎంత ఉంది, ఎవరికి ఏ ధర కట్టాం అన్న నిరుటి లెక్కలను సంక్రాంతి తర్వాత ఎవరూ తెరవరు. యంత్రం కళ్లకు అది చచ్చిపోయిన డేటా. కొత్త కాయ దిగిన రోజు పొద్దున్నే నలుగురు గుమస్తాలూ దాని కోసమే నిలబడతారు. కాటా దగ్గర రైతు బండితో ఎదురుచూస్తుంటే, పన్నెండు గంటలు ఆగమని ఎలా చెబుతాం? కాబట్టి తేదీ ఒక్కటే చూడకండి. ఆ లెక్కలతో పని చేసేవాళ్లను అడగండి. యంత్రానికి పంట కాలం తెలియదు, గుమస్తాకు తెలుసు.

ఎంతకాలం ఉంచాలన్నది మన ఇష్టం కాదు, చట్టం చెబుతుంది. జీఎస్టీ లెక్కలను ఆ ఏటి వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. అప్పీలు నడుస్తుంటే అది తేలాక ఇంకో ఏడాది గడిచేదాకా కదపకూడదు. కంపెనీల ఖాతా పుస్తకాలకు 2013 నాటి చట్టం 8 ఆర్థిక సంవత్సరాలు పెట్టింది. ఎవరూ చూడకపోయినా ఎందుకు ఉంచుతారన్న నీ ప్రశ్నకు సగం జవాబు ఇదే తల్లీ. మిగతా సగం 2009లో నా కళ్లతో చూశాను.

ఆ ఏడాది అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడ్డాయి. గాంధీ జయంతి సెలవు కాబట్టి ఆఫీసు మూసి ఉంది. నీళ్లు తీశాక తలుపు తోస్తే రాలేదు, లోపల మోకాలెత్తు బురద. ఖాతా పుస్తకాలు ఉబ్బి, పుటలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. విప్పబోతే పేజీ పేజీలా రాలేదు, ముద్దగా చేతికి వచ్చింది. సర్వర్ మునిగింది. దానికి నకళ్లుగా తీసిన టేపులు పక్క గదిలోనే, కింది అరలోనే ఉన్నాయి. అవీ మునిగాయి. నకలు తీశామన్న ధైర్యంతో ఏళ్లు గడిపాం. ఒకే కప్పు కింద ఉన్న రెండు నకళ్లను నది ఒక్కటిగానే చూస్తుందని మాకు తట్టలేదు.

అదృష్టం కొద్దీ పాత సంవత్సరాల టేపులు పదకొండు నంద్యాల శాఖలో ఉన్నాయి. గదిలో చోటు చాలక ఎప్పుడో పంపినవి, అంతే. అవి దొరికిన రోజు నాకు ఏడుపు ఆగలేదు. కానీ కష్టం అక్కడితో తీరలేదు. అవి ఎల్‌టీఓ మొదటి తరం టేపులు. వరద తర్వాత కొత్తగా కొన్నది నాలుగో తరం డ్రైవు. ఆ డ్రైవు రెండు తరాల వెనక్కి మాత్రమే చదవగలదు. టేపు బాగుంది, డ్రైవు బాగుంది, ఒకదాని మాట ఒకదానికి తెలియదు. మూడో తరం డ్రైవు ఒకటి అరువు దొరికేదాకా నెల పట్టింది. ఏ టేపులో ఏముందో రాసిపెట్టిన నోటు పుస్తకం కర్నూలు బురదలో పోయింది. టేపుల మీద అంకెలు తప్ప ఏమీ లేవు. పదకొండూ ఒక్కొక్కటిగా మొదటి నుంచి తిప్పి చూశాను.

ఆఖరికి రైతుల జాబితా తెరుచుకుంది. చూస్తే పేర్ల చోట అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. అప్పట్లో తెలుగును ఒక్కో సంస్థ ఒక్కో సొంత ఫాంటులో టైపు చేసేది. ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదువుకునేలా అక్షరాలకు అంకెలు కేటాయించే పద్ధతి యూనికోడ్. అందులో తెలుగు 1991 నుంచే ఉన్నా, మా ఆఫీసులదాకా రాలేదు. ఆ ఫాంటు ఉన్న పాత కంప్యూటర్ వరదలో పోయింది. అంకెలన్నీ ఉన్నాయి, ఎవరికి ఎంత బాకీ ఉన్నామో తెలుస్తోంది, ఆ మనిషి పేరు మాత్రం చదవలేకపోతున్నాం. ఆ ఫాంటు వేరే ఊళ్లో ఒక డీటీపీ కేంద్రంలో దొరికింది. తొలి పేరు తెర మీద తెలుగులో కనిపించిన క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది. అందుకే కిందికి దించే ముందు ప్రతి ఫైలునూ ఇంకో పదేళ్లకైనా ఎక్కడైనా తెరుచుకునే సాదా రూపంలో, తెలుగునైతే యూనికోడ్‌లో, మరో నకలుగా ఉంచమని చెబుతున్నాను. టేపుల పట్టికను టేపుల దగ్గర కాకుండా ఇంకోచోట కూడా పెట్టండి.

మరో చిన్న సంగతి. దాచిన ఫైలులో ఒక్క అంకె చెడినా బయటికి కనిపించదు. దానికి చెక్‌సమ్ అనే ముద్ర ఉంది. మా కాలంలో ఖాతా పుటకు అడుగున మొత్తం వేసి, తర్వాతి పుట తలలో దాన్నే రాసేవాళ్లం, రెండూ కలవకపోతే ఎక్కడో తప్పు ఉన్నట్లు. ఇదీ అలాంటిదే. ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతి ఎంత పెద్ద ఫైలుకైనా 64 అక్షరాల ముద్ర ఇస్తుంది. లోపల ఒక్క అక్షరం మారినా ముద్ర మొత్తం మారిపోతుంది. దించేటప్పుడు ముద్ర రాసుకోండి. ఏడాదికోసారి కొన్ని ఫైళ్లు బయటికి తీసి మళ్లీ లెక్కకట్టి పోల్చండి. పాతరలో దీపం దింపి చూసినట్లు.

క్లౌడ్‌లో మూడు నకళ్లు ఉన్నాయి కదా, టేపు ఎందుకని చిన్నవాడు అడుగుతాడని తెలుసు. 2011 ఫిబ్రవరిలో జీమెయిల్‌లో కొంతమంది ఉత్తరాలు మాయమయ్యాయి. సాఫ్ట్‌వేర్ మార్పులో దొర్లిన తప్పు వేర్వేరు డేటా సెంటర్లలో ఉన్న నకళ్లను కూడా పాడుచేసింది. వాటిని గూగుల్ చివరికి టేపుల నుంచి తెచ్చి నింపింది. తీగకు తగిలించని నకలుకు ఆ తప్పు అంటలేదు.

గడువు తీరినవాటిని తీసేయడం కూడా మరిచిపోవద్దు. ముఖ్యంగా మనుషుల ఫోను నంబర్లు, బ్యాంకు వివరాలు ఉన్నవి. అవసరం తీరిన పరాయివాళ్ల వివరాలు మన దగ్గర పెట్టుకోవడం తప్పు. కానీ తీసేయమన్నది ఎవరు, ఏ తేదీన అన్నది కాగితం మీద ఉండాలి. ఖాళీ కావాలని ఒక మధ్యాహ్నం చెరిపేయకూడదు.

పెద్దదానా, నీ జాబితాలో ఒక్కో ఫైలు పక్కన మూడు గడులు గీయి: ఎవరిది, ఎప్పటిదాకా, తెరవడానికి ఏం కావాలి. నింపలేని గడి ఉంటే ఆ ఫైలును కదపకు, వెళ్లి అడుగు. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఇంటి ఫొటోలున్న ఆ పాత హార్డ్ డిస్కు, దాని కేబులు మరవకుండా తీసుకురా. రెండు నకళ్లు తీద్దాం. ఒకటి అవ్వ బీరువాలో ఉంటుంది, రెండోది నంద్యాలలో మీ పిన్ని ఇంటి మేడ మీద.

మీ తాత