టికెట్ కొని అడుగుపెట్టే ఊరు

ఇటలీలోని చివితా ది బాన్యోరేజ్యోకు వెళ్లాలంటే టికెట్ కొనాలి. కోటకో మ్యూజియానికో కాదు, ఊళ్లోకి వెళ్లడానికే. 2013లో మొదలుపెట్టినప్పుడు ఒకటిన్నర యూరో, తర్వాత 5 యూరోలైంది. అంత పేరున్న వెనిస్ కూడా పగటిపూట వచ్చిపోయే పర్యాటకుల దగ్గర ఇలాంటి రుసుం వసూలు చేయడం 2024లో గానీ మొదలుపెట్టలేదు. ఏడాది పొడవునా కాపురం ఉండేవాళ్లు పది, పదిహేను మందికి మించని ఊరికి ఈ అవసరం ఎందుకొచ్చిందో తెలియాలంటే కొండ అడుగు నుంచి మొదలుపెట్టాలి.

రోముకు ఉత్తరాన దాదాపు 120 కిలోమీటర్ల దూరంలో ఉందీ కొండ. పైన అగ్నిపర్వతాల బూడిద గట్టిపడి ఏర్పడిన టఫ్ రాయి. దాని కింద ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న బంకమట్టి. చెరో పక్కన ఒక వాగు. వానలూ వాగులూ కలిసి మట్టిని కోసుకుపోతుంటే పైనున్న రాయికి ఆసరా పోతుంది. నెర్రెలు విచ్చి, పెళ్లలు పెళ్లలుగా లోయలో పడుతుంది. అంచున ఇల్లుంటే అదీ దాంతోనే.

మరి ఇలాంటి చోట ఊరెవరు కట్టారు? ఎట్రస్కన్లు. రోమ్ ఇంకా పెద్ద రాజ్యం కాకముందు మధ్య ఇటలీలో వెలిగినవాళ్లు. సుమారు 2,500 ఏళ్ల కిందట వాళ్లకు కావలసింది శత్రువు ఎక్కలేని ఎత్తు. టఫ్ రాయితో ఇంకో సుఖం కూడా ఉంది, సులువుగా తొలచవచ్చు. ఈనాటికీ ఊళ్లోకి వెళ్లే సాంతా మరియా ద్వారం దారి వాళ్లు రాతిలో తొలిచిందే అంటారు. ఊరి అడుగున బుకాయోనే అనే సొరంగం కూడా వాళ్ల కాలం నాటిదే.

అసలు దెబ్బ 1695లో తగిలింది. ఆ ఏడాది భూకంపానికి ఊరు బాగా దెబ్బతినడంతో బిషప్ పీఠమూ, పాలనా పక్కనున్న పేటకు మారిపోయాయి. ఆ పేటే ఇప్పటి బాన్యోరేజ్యో. అధికారం వెళ్లిన చోటికి జనం వెళ్లారు. 1764లో రెంటినీ కలిపే ఇరుకు నేల కూడా కొంత కూలిపోయింది. ఊళ్లో మిగిలినవాళ్లకు గాడిదలే ఆధారం. ఇప్పుడున్న కాలినడక వంతెన 1965లో కట్టారు. దాని మీద పర్యాటకుల కార్లకు నేటికీ దారి లేదు.

బాన్యోరేజ్యోలోనే పుట్టిన రచయిత బొనవెంతూరా తెక్కి దీన్ని ‘చచ్చిపోతున్న ఊరు’ అన్నాడు. బాధతో పెట్టిన పేరు. నన్నడిగితే ఊరికి అంతకు మించిన ప్రకటన ఇంకోటి లేదు. పోయేలోగా ఒకసారి చూసొద్దామని ఎవరికి మాత్రం అనిపించదు! ఆ పేరు జనాన్ని రప్పించకముందే ఊరి కోసం పనిచేసినవాళ్లూ ఉన్నారు. లాత్వియాలో పుట్టిన అమెరికన్ ఆర్కిటెక్ట్ ఆస్ట్రా జరీనా 1960ల నుంచి ఇక్కడ పాడుబడ్డ ఇళ్లను బాగుచేయించింది. 1976 నుంచి వాషింగ్టన్ విశ్వవిద్యాలయం విద్యార్థులను ఇక్కడికి తీసుకొచ్చి పాఠాలు చెప్పింది. రోము నుంచీ, విదేశాల నుంచీ డబ్బున్నవాళ్లు వచ్చి ఇళ్లు కొనుక్కున్నారు, సెలవులకు వచ్చిపోవడానికి. ఊళ్లో ఇళ్లు బాగుపడ్డాయి. పొయ్యి వెలిగేవి మాత్రం కొన్నే.

2010 ప్రాంతంలో ఏడాదికి 40 వేల మంది వచ్చేవారు. పదేళ్లు తిరక్కుండానే ఆ సంఖ్య 8 లక్షలు దాటింది. టికెట్ డబ్బు బాన్యోరేజ్యో పురపాలక సంస్థకు చేరుతుంది. అక్కడివాళ్లకు స్థానిక పన్నుల భారం తగ్గింది. కొత్త దుకాణాలు, పనులు వచ్చాయి. అంటే మూడు వందల ఏళ్ల కిందట ఊరిని ఖాళీ చేసి వెళ్లినవాళ్ల పేట ఇప్పుడు ఆ ఊరి మీదే బతుకుతోంది. ఇంతమంది వచ్చే చోట ప్రశాంతత ఎక్కడుంటుందని అడిగితే జవాబు సులభం: సాయంత్రం బస్సులు వెళ్లిపోయాక.

2021లో ఇటలీ ఈ ప్రాంతాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపుకు ప్రతిపాదించింది. రాయి విడిపోకుండా ఇనుప కడ్డీలు దిగ్గొడుతున్నారు, కింద మట్టి మాత్రం కరుగుతూనే ఉంది. 13వ శతాబ్దంలో ఇక్కడే పుట్టిన సెయింట్ బొనవెంచర్ ఇల్లు ఎక్కడుందని అడిగితే కొండ అంచుకు తీసుకెళ్లి లోయ చూపిస్తారు.