సంతకం సరే, సంగతి ఎప్పుడు తెలిసింది?

అప్పుకు తనఖా కాగితమని చెప్పి సేల్ డీడ్ (అమ్మకం దస్తావేజు) మీద సంతకం చేయించుకున్నారన్న ఫిర్యాదులు మళ్లీ సబ్ రిజిస్ట్రార్ల దగ్గరికి వస్తున్నాయి. రద్దు చేయమంటే ‘మా చేతుల్లో లేదు’ అంటున్నారు. నిజమే, ఇప్పుడు లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒకప్పుడు రాసిచ్చినవారు ఒక్కరే వెళ్లి రద్దు దస్తావేజు రిజిస్టర్ చేయించుకునేవారు. యానాల మల్లేశ్వరి కేసులో 2006లో హైకోర్టు ఫుల్ బెంచ్ దాన్ని తప్పుపట్టలేదు. అదే ఏడాది రిజిస్ట్రేషన్ నిబంధనలు మారి, ఇరుపక్షాల సంతకాలో కోర్టు ఉత్తర్వో తప్పనిసరైంది. 2010లో తోట గంగాలక్ష్మి కేసులో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. డబ్బు పోసి కొన్నవారికి ఇది అవసరమైన రక్షణే. మోసపోయినవారికి మాత్రం సివిల్ కోర్టు ఒక్కటే మిగిలింది.

అక్కడ ఏ దావా నిలుస్తుందో తేల్చేది ఇప్పటికీ నింగవ్వ కేసులో 1968లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పే. కర్ణాటకకు చెందిన ఆమె చేత భర్త దానపత్రం రాయించుకున్నాడు. అందులో రెండు భూములు పోతున్నాయని ఆమెకు సంతకం నాడే తెలుసు, భర్త ఒత్తిడికి లొంగింది. మరో రెండిటిని ఆమెకు తెలియకుండా చేర్చాడు. కాగితం ఒకటే, ఫలితాలు రెండు. తెలిసిన భూములపై దావా గడువు దాటిందని పోయింది, తెలియనివి తిరిగొచ్చాయి.

ఆ తీర్పే ఇంకో గీత కూడా గీసింది. కాగితం స్వభావం మీదే అబద్ధమాడితే, అంటే తనఖా అని అమ్మకం రాయించుకుంటే, అది మొదటినుంచీ చెల్లదు. అమ్మకమని తెలిసి, విస్తీర్ణంలోనో సర్వే నంబరులోనో మోసపోతే, రద్దు చేయించేదాకా చెల్లుతుంది. ఈ రెండో రకంలో, రద్దుకు ముందే విషయం తెలియక డబ్బిచ్చి కొన్న మూడో మనిషికి రక్షణ ఉంటుంది. రాయించుకున్న భూమిని నెలల్లోనే చేతులు మార్చేది ఇందుకే.

రద్దు దావాకు గడువు లిమిటేషన్ చట్టం 59వ అధికరణం కింద మూడేళ్లు, మోసం తెలిసిన రోజు నుంచి. అందుకే ముందు ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల ధ్రువపత్రం) తీసి, దస్తావేజు సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు చేయాలి. ఆ దరఖాస్తు తేదీ ఎప్పుడు తెలిసిందన్నదానికి ఆధారమవుతుంది. అంతకుముందే మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) నోటీసు అందుకుని ఉంటే ఎదుటిపక్షం దాన్నే చూపిస్తుంది. దావాలో ‘మోసం చేశారు’ అని రాస్తే చాలదు. ఎవరు, ఏ రోజు, ఏమని చెప్పారో విడమరచాలి. రాసిచ్చినవారే వేసే దావాలో కాగితం చెల్లదన్న ప్రకటన (డిక్లరేషన్) కాదు, రద్దే కోరాలి. కోర్టు ఫీజు దస్తావేజు విలువ మీద పడుతుంది, చాలామంది వెనక్కి తగ్గేది ఇక్కడే. పుచ్చుకున్న సొమ్ము తిరిగి కట్టమని కోర్టు అడగొచ్చు. భూమి చేతులు మారకుండా ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) పిటిషన్ కూడా వెంటనే వేయాలి.

చదివి వినిపించాకే సంతకం పెట్టారన్నది అవతలివారి మామూలు వాదన. రిజిస్టరైన కాగితం నిజమైనదేనన్న భావనతో కోర్టు మొదలుపెడుతుంది కనుక దానికి బలమూ ఉంటుంది. అయితే రాసిచ్చింది చదువురాని మహిళ అయితే, అర్థమయ్యేలా చెప్పామని రుజువు చేయాల్సిన భారం రాయించుకున్నవారిదే. కాగితం మీద ఉన్నదానికి విరుద్ధంగా నోటి సాక్ష్యం పనికిరాదన్న అడ్డంకి కూడా మోసానికి వర్తించదు. సేల్ డీడ్ నిజానికి అప్పు హామీయేనని సాక్షులతో చెప్పించవచ్చని 1982లో గంగాబాయి కేసు తేల్చింది.

భారతీయ న్యాయ సంహిత 318(4) కింద చీటింగ్ కేసు పెట్టవచ్చు, శిక్ష ఏడేళ్ల దాకా ఉంది. దానితో దస్తావేజు రద్దు కాదు. చార్జిషీటు కోసం ఎదురుచూసిన కాలాన్ని ఆ మూడేళ్లలోంచి తీసేయరు.