అంతర్జాతీయ డెస్కు నుంచి: అల్లకల్లోల ప్రపంచంపై అపోహలు, వాస్తవాలు

తెలుగు దినపత్రికలో విదేశీ వార్తల పేజీ చూసుకునే నాలాంటివాడికి పెళ్లికి వెళ్లినా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "మూడో ప్రపంచ యుద్ధం వచ్చేట్టుందా?" జ్యోతిషం మా శాఖ కాదు. అయితే ఈ మధ్య సంఘర్షణల లెక్కలు, ఐక్యరాజ్యసమితి నివేదికలు, పాత ఒప్పందాల చరిత్ర వరసపెట్టి చదివాక ఒకటి తేలింది. భయపెట్టేవాళ్లకే కాదు, ధైర్యం చెప్పేవాళ్లకూ అపోహలు తక్కువేమీ లేవు.

అపోహ: ప్రపంచం ఇంత అధ్వానంగా ఎన్నడూ లేదు.

వాస్తవం: ఒక లెక్కలో నిజమే. స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయం నమోదు ప్రకారం, ప్రభుత్వం ఒక పక్షంగా ఉన్న సాయుధ సంఘర్షణలు 2024లో 61. ఆ లెక్కలు మొదలయ్యే 1946 నుంచి చూస్తే ఇదే అత్యధికం. కానీ యుద్ధాల సంఖ్యను బట్టి మృతుల సంఖ్య చెప్పలేం. 1994లో ఒక్క రువాండాలోనే సుమారు వంద రోజుల్లో లక్షల మందిని ఊచకోత కోశారు. ఇక అణ్వాయుధాలు 1986లో దాదాపు 70 వేలు; ఇప్పుడు 12 వేల పైచిలుకు. అవి వాటంతట అవి తగ్గలేదు, ఒప్పందాలు చాలావరకు తగ్గించాయి. అందుకే అమెరికా, రష్యాల మధ్య మిగిలిన చివరి అణ్వాయుధ పరిమితి ఒప్పందం న్యూ స్టార్ట్ గడువు 2026 ఫిబ్రవరి 5తో తీరిపోయిందన్న సంగతి నన్ను క్షిపణి ప్రయోగాల కన్నా ఎక్కువ కలవరపెట్టింది. ఫొటో లేని వార్త కదా, పేజీలో దానికి దక్కేది సింగిల్ కాలమే.

అపోహ: తుపాకులు మోగుతున్నంతసేపు శత్రువుల మధ్య ఏ ఒప్పందమూ కుదరదు.

వాస్తవం: 2022 జులై 22న ఇస్తాంబుల్‌లో ఏం జరిగిందో చూడండి. నల్లసముద్రం మీదుగా ఉక్రెయిన్ ధాన్యం బయటికి పంపడానికి రష్యా, ఉక్రెయిన్ ఒప్పుకున్నాయి. కానీ ఒకరితో ఒకరు సంతకం చేసుకోలేదు. తుర్కియే, ఐరాసలతో విడివిడిగా వేర్వేరు ప్రతులపై చేశారు. మర్నాడే ఒడెసా రేవుపై క్షిపణులు పడ్డాయి. "ఇక అయిపోయింది" అని ప్రపంచమంతా రాసింది. ఆగస్టు 1న రజోని అనే నౌక 26 వేల టన్నుల మొక్కజొన్నతో అదే ఒడెసా నుంచి బయల్దేరింది. రష్యా, ఉక్రెయిన్, తుర్కియే, ఐరాస తనిఖీదారులు కలిసి ఇస్తాంబుల్ దగ్గర నౌకలెక్కి సోదా చేసేవారు. యుద్ధరంగంలో చంపుకుంటున్న రెండు దేశాల అధికారులు ఒకే ఓడ మీద, ఒకే సరుకు ముందు! 2023 జులైలో రష్యా తప్పుకునేలోగా దాదాపు 3.3 కోట్ల టన్నులు కదిలాయి. అంతకుముందు పొద్దుతిరుగుడు నూనె ధర చూసి బెంబేలెత్తిన మన వంటిళ్లకూ ఈ కథతో సంబంధముంది. యుద్ధానికి ముందు మన దేశం ఆ నూనెను ఎక్కువగా కొన్నది ఉక్రెయిన్ నుంచే.

ఒప్పందం ఏడాదే బతికింది కాబట్టి విఫలమైందనేవాళ్లతో నేను ఏకీభవించను. ఆ ఏడాది తిండి చేరినవాళ్లను అడగాలి.

అపోహ: ఐరాస దండగ.

వాస్తవం: భద్రతామండలి గురించి అంటే నేనూ మీతో గొంతు కలుపుతాను, వీటో ఉన్నవాళ్లే యుద్ధానికి దిగితే అది చేయగలిగింది స్వల్పం. అయితే ఐరాస అంటే ఆ ఒక్క గదే కాదు. 1958లో, ప్రచ్ఛన్న యుద్ధం ముదిరిన రోజుల్లో, మశూచిని నిర్మూలిద్దామని ప్రపంచ ఆరోగ్య సంస్థ సభలో ప్రతిపాదించింది సోవియట్ యూనియన్. తర్వాత అమెరికా కలిసి వచ్చింది. 1980 నాటికి ఆ జబ్బే లేదు. పశ్చిమాఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో 75 వేల మందికి పైగా సాయుధుల చేత ఆయుధాలు కింద పెట్టించాక, 2005లో ఐరాస శాంతిదళం పని ముగించుకుని వెళ్లిపోయింది. లైబీరియాలో 2018లో అదే జరిగింది. అక్కడ 2007 నుంచి భారత మహిళా పోలీసు దళం కూడా పనిచేసింది. దళం దిగిన రోజున పెద్ద వార్త, తిరిగి వెళ్లిన రోజున పేజీ అడుగున నాలుగు వాక్యాలు. ఇందులో మా వృత్తి తప్పు కొంత ఉంది.

అపోహ: శరణార్థులంతా ధనిక దేశాల మీద పడుతున్నారు.

వాస్తవం: 2024 చివరికి బలవంతంగా ఇల్లు విడిచినవారు 12.3 కోట్లు. అందులో 7 కోట్లకు పైగా సొంత దేశం దాటనేలేదు. దాటినవారిలోనూ ఎక్కువమంది ఉన్నది పేద, మధ్యాదాయ దేశాల్లోనే.

అపోహ: కాస్త ఓపిక పడితే అన్నీ అవే సర్దుకుంటాయి.

వాస్తవం: ఇది మొదటి అపోహ కన్నా ప్రమాదకరమైనదని నా అభిప్రాయం. 1990లో ప్రపంచంలో ప్రతి వెయ్యిమంది పిల్లల్లో 93 మంది అయిదేళ్లు నిండకుండానే చనిపోయేవారు. 2022 నాటికి అది 37కు తగ్గింది. ఆ తగ్గుదల వెనక టీకాలు, దోమతెరలు, ఓఆర్ఎస్ పొట్లాలు, వాటికి ఏటా ఎవరో ఒకరు కేటాయించిన డబ్బు ఉన్నాయి. 2025లో అమెరికా తన విదేశీ సహాయ సంస్థనే మూసేసింది. అదే ఏడాది సెప్టెంబరులో ఏ దేశానికీ చెందని బహిరంగ సముద్రాల పరిరక్షణ ఒప్పందం అమల్లోకి రావడానికి కావలసిన 60 దేశాల ఆమోదమూ పూర్తయింది. మొదటిదానికి చర్చలు, కార్టూన్లు, సంపాదకీయాలు. రెండోది చాలామంది పాఠకుల దాకా రానేలేదు.